ఊరి గ్రూపులోకి ప్రకటనలు వస్తున్నప్పుడు: అడ్మిన్ల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

పటమటలో అద్దె ఇల్లు ఎక్కడ దొరుకుతుంది, బ్రాడీపేటలో పిల్లల పళ్లు ఓపికగా చూసే డాక్టరు ఎవరు, దసరా రోజుల్లో కొండ మీదికి వెళ్లే దారి ఎటునుంచి మళ్లించారు వంటి ప్రశ్నలతో మన ఊళ్ల ఆన్‌లైన్ గ్రూపులు, వెబ్‌సైట్లు మొదలవుతాయి. సభ్యులు కొన్ని వేలకు చేరేసరికి అడ్మిన్‌కు ఒక సందేశం వస్తుంది: "సార్, మా షాపు పోస్టు ఒకటి మీ గ్రూపులో పెట్టాలి, ఎంత తీసుకుంటారు?" ఆ సందేశం వచ్చిన రోజు ఏం చేయాలో ముందే ఆలోచించి పెట్టుకున్నవారు తక్కువ. విజయవాడలో ఒక పేట గ్రూపును కొన్నేళ్లుగా చూసుకుంటున్న అనుభవంతో, అందులో చేసిన పొరపాట్లతో ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

మొదటి అడుగు: అమ్ముతున్నది ఏమిటో తెలుసుకోవడం

బెంజ్ సర్కిల్ దగ్గర హోర్డింగు చూసినవారెవరూ దాన్ని పొరుగింటివారి సలహా అనుకోరు. గ్రూపులో అయితే దుకాణం మాట, పక్క వీధి పిన్నిగారి మాట ఒకే అక్షరాలలో, ఒకే తెర మీద, ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ప్రకటనదారు మన దగ్గరికి రావడానికి కారణం అదే. మూడు వేల మంది కళ్లకంటే ఆ మూడు వేల మందికి ఒకరి మీద ఒకరికి ఉన్న నమ్మకమే అతనికి ఎక్కువ విలువైనది. కాబట్టి స్థలాన్ని అమ్మవచ్చు, సభ్యుల గొంతునూ అడ్మిన్ గొంతునూ అమ్మకూడదు అన్న గీతను మొట్టమొదట గీసుకోవాలి. ప్రకటనను దుకాణం తన పేరుతో, తన మాటలతో చెప్పుకోవడం స్థలం అమ్మకం. అడ్మిన్ డబ్బు తీసుకుని "నేను వెళ్లాను, చాలా బాగుంది" అని రాయడం గొంతు అమ్మకం.

ఈ గీత విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. మా పేటలో కొత్తగా తెరిచిన ఒక హోటల్‌వారు మా కుటుంబాన్ని భోజనానికి పిలిచారు, బిల్లు తీసుకోలేదు. నేను మర్యాద కోసం నాలుగు మంచి మాటలు రాశాను, ఉచితంగా తిన్నానన్న సంగతి రాయలేదు. ఆ మాటలు నమ్మి ఒక పెద్దాయన మనవరాలి పుట్టినరోజు విందుకు అక్కడ అడ్వాన్సు కట్టారు, ఆ రోజు వంట చెడింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు గాని, ఆ తరువాత గ్రూపులో ఏ సలహా అడిగినా "అడ్మిన్ గారు కాకుండా వేరేవాళ్లు చెప్పండి" అని చివర చేర్చేవారు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

రెండవ అడుగు: అవసరాన్ని లెక్క వేయడం

సొంత వెబ్‌సైటు ఉన్నవారికి డొమైన్, హోస్టింగ్, బ్యాకప్ ఖర్చులు ఏటా ఉంటాయి. వాట్సాప్, ఫేస్‌బుక్, టెలిగ్రామ్ మీద నడిచే గ్రూపులకు ఆ ఖర్చు లేకపోయినా, రోజూ పోస్టులు చూసే వారి సమయం ఉంటుంది. ఏడాదికి ఎంత కావాలో కాగితం మీద వేసి, ఆ మొత్తానికి సరిపడా ప్రకటనలే తీసుకోవాలని నా అభిప్రాయం. ఎంత వస్తే అంత తీసుకుందామని మొదలుపెట్టిన చోట కాదనడానికి కారణం మిగలదు, వారానికి ఒకటి రోజుకు ఒకటవుతుంది.

ప్రకటనలు రెండు దారులలో వస్తాయి. గూగుల్ యాడ్‌సెన్స్ వంటివి వెబ్‌సైటులో యాంత్రికంగా ప్రకటనలను నింపుతాయి. తెలుగు సైట్లకు ఈ సౌకర్యం 2018లో వచ్చింది. ఏ ప్రకటన ఎవరికి కనిపిస్తుందో మనం నిర్ణయించలేము గాని, మనకు వద్దనుకున్న రకాలను సెట్టింగులలో ఆపవచ్చు. ఆ పని మొదటి రోజే చేయాలి. రెండవ దారి, స్థానిక వ్యాపారులు నేరుగా ఇచ్చే ప్రకటన. ఈ మార్గదర్శి ప్రధానంగా దీని గురించే. ఫేస్‌బుక్, వాట్సాప్ సంస్థలు తమంతట తాము చూపే ప్రకటనల మీద అడ్మిన్‌కు అధికారం లేదు. వాట్సాప్ 2025 జూన్‌లో అప్‌డేట్స్ భాగంలో ప్రకటనలను ప్రవేశపెట్టినట్టు ప్రకటించింది. అవి గ్రూపు సంభాషణలలో వచ్చేవి కావు. సభ్యులు ఈ రెంటినీ కలిపేసి "అడ్మిన్ యాడ్స్ మొదలుపెట్టాడు" అనుకునే వీలుంది కనుక, ఆ తేడాను ఒకసారి వివరించి ఉంచడం మంచిది.

మూడవ అడుగు: సభ్యులను ముందుగా అడగడం

అమెరికాలోని డిగ్ అనే వెబ్‌సైటులో ఏ వార్త పైకి రావాలో సభ్యులే ఓట్లతో తేల్చేవారు. 2010 ఆగస్టులో ఆ సంస్థ సైటును మార్చి, ప్రచురణ సంస్థలు తమ శీర్షికలను నేరుగా, యాంత్రికంగా చేర్చుకునే వీలు కల్పించింది; నచ్చనిదాన్ని కిందికి నెట్టే మీటను తీసివేసింది. సభ్యులు పోటీ సైటైన రెడిట్ లింకులతో డిగ్ మొదటి పేజీని నింపి నిరసన తెలిపారు, చాలామంది అక్కడికే తరలిపోయారు. రెండేళ్లకు, 2012లో, మిగిలిన సైటును బీటావర్క్స్ అనే సంస్థ కొనుక్కుంది. వ్యాపార సంస్థలకు తలుపు తెరిచే ముందు ఇంట్లోవారిని అడగకపోవడం వల్ల కలిగిన నష్టానికి నాకు తెలిసిన స్పష్టమైన ఉదాహరణ ఇది.

అడిగే పద్ధతి సులువుగా ఉండాలి. ఖర్చు లెక్కను చూపించి, వారానికి ఎన్ని ప్రకటనలు అనుకుంటున్నారో చెప్పి, ఏ రకాలు వద్దో సభ్యులను చెప్పమనాలి. కనీసం వారం రోజులు గడువు ఇవ్వాలి. ఉద్యోగాలకు వెళ్లేవారు ఆదివారం గాని గ్రూపు తెరవరు. జవాబివ్వనివారిని ఒప్పుకున్నవారిగా లెక్కించకూడదు. వచ్చిన ఫలితాన్ని, తీసుకున్న నిర్ణయాన్ని నియమాల పోస్టులో చేర్చి పైన పిన్ చేయాలి.

నాలుగవ అడుగు: ముద్ర వేయడం

ఈ పని మొత్తంలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇదే. చదివేవారికి అది డబ్బు చెల్లించిన పోస్టు అన్న సంగతి చదివిన తరువాత కాకుండా, చదవబోయే ముందు తెలియాలి.

చట్టం కూడా ఇదే చెబుతోంది. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2021లో సోషల్ మీడియా ప్రచారకర్తల కోసం మార్గదర్శకాలు తెచ్చింది; అది పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న నియమం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తెచ్చిన మార్గదర్శకాలకు మాత్రం చట్టబలం ఉంది. తప్పుదారి పట్టించే ప్రకటనకు తయారీదారుకు గాని, దాన్ని సమర్థిస్తూ మాట్లాడినవారికి గాని 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. అటువంటి ప్రకటనను ప్రచురించినవారికి కూడా 10 లక్షల వరకు జరిమానా ఉంది. వ్యాపార సరళిలో భాగంగా ప్రచురించామన్న రక్షణ ఉన్నా, ప్రకటనను ఆపమన్న ఉత్తర్వు సంగతి ముందే తెలిసినవారికి ఆ రక్షణ వర్తించదు. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ విడుదల చేసిన సూచనలలో మనకు అత్యంత ఉపయోగపడే మాట ఒకటుంది: ప్రచారం ఏ భాషలో ఉంటే, అది ప్రచారమన్న ప్రకటన కూడా అదే భాషలో ఉండాలి. తెలుగు పోస్టు చివర హ్యాష్‌ట్యాగుల గుంపులో ఇంగ్లీషు రెండక్షరాలు దాచిపెడితే సరిపోదు. డబ్బు ఒక్కటే కాదు, ఉచిత వస్తువులు, ఉచిత బస, ప్రత్యేక రాయితీ, బంధుత్వం, ఉద్యోగ సంబంధం కూడా చెప్పవలసిన సంబంధాలే.

ఏ మాట వాడాలన్నది తెలుగులో కొంచెం చిక్కు ప్రశ్న. "సౌజన్యంతో", "సమర్పణ" అనే మాటలు నేను వద్దంటాను. మన ఊళ్లలో చలివేంద్రం మీద, బస్ షెల్టర్ మీద, గుడి క్యాలెండర్ మీద ఆ మాటలు దాత పేరు పక్కన కనిపిస్తాయి. చదివేవారికి దానధర్మం స్ఫురిస్తుంది, కొనుగోలు స్ఫురించదు. "ప్రాయోజితం" సరైన మాటే అయినా చాలామందికి వెంటనే అర్థం కాదు. "ప్రకటన" అన్న మాట అందరికీ తెలుసు, కాని దానికి ప్రభుత్వ ప్రకటన, మంత్రి ప్రకటన అనే అర్థాలు కూడా ఉండటంతో ఒక్క మాటగా వదిలేయకుండా వాక్యంగా రాయాలి. మేము వాడుతున్నది ఇది: "వ్యాపార ప్రకటన. ఈ పోస్టు కోసం ఫలానా దుకాణంవారు గ్రూపునకు డబ్బు చెల్లించారు. ఇందులోని మాటలు వారివి."

ఇక ముద్ర ఎక్కడ ఉండాలి? వాట్సాప్ గాని ఫేస్‌బుక్ గాని పొడవైన సందేశాన్ని కొంత చూపించి మిగతాదాన్ని మడిచేస్తాయి. కాబట్టి ఈ వాక్యం మొదటి వరుసలోనే ఉండాలి. అంతకంటే ముఖ్యమైన సంగతి ఫార్వర్డు. అడ్మిన్ "కింది పోస్టు ప్రకటన" అని వేరే సందేశంగా పెడితే, సభ్యులు ఆ కింది పోస్టును మాత్రమే బంధువుల గ్రూపుకు పంపుతారు, ముద్ర వెనకే ఉండిపోతుంది, అక్కడ అది "మా అత్తయ్య పంపింది" అవుతుంది. అందుకే ముద్రను సందేశం లోపలే, బొమ్మ అయితే బొమ్మ మీదనే స్పష్టమైన అక్షరాలతో వేయించాలి. వీడియోలో చూపించడంతో పాటు నోటితో చెప్పాలి, లైవ్ అయితే ఆసాంతం తెర మీద ఉంచాలి. సొంత వెబ్‌సైటు ఉన్నవారు డబ్బు తీసుకుని ఇచ్చే లింకులకు గూగుల్ 2019లో తెచ్చిన "స్పాన్సర్డ్" గుర్తును కోడ్‌లో చేర్పించాలి. లేకపోతే ఆ లింకు వెతుకులాట ఫలితాలను కొనే ప్రయత్నంగా కనిపించి సైటుకే చేటు తెస్తుంది.

ఐదవ అడుగు: దేనికి ఒప్పుకోవాలి, దేనికి వద్దు

మన ప్రాంతంలో ఎక్కువగా వచ్చేవి వెంచర్ల ప్రకటనలు. అమరావతి చుట్టుపక్కల, మంగళగిరి, గన్నవరం, గొల్లపూడి వైపు ప్లాట్లు, ఫ్లాట్లు అంటూ వచ్చే పోస్టులను తీసుకునే ముందు రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను రిజిస్టర్ చేసే నియంత్రణ సంస్థ) నంబరు అడగాలి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం రిజిస్టర్ చేయని ప్రాజెక్టును ప్రకటించడమే తప్పు. విస్తీర్ణం 500 చదరపు మీటర్లు మించని, లేదా యూనిట్లు 8కి మించని ప్రాజెక్టులకు మినహాయింపు ఉంది. ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైటు చిరునామా కనిపించాలి. కనుక "ప్రీ లాంచ్ ఆఫర్, నంబరు త్వరలో వస్తుంది" అన్నవారికి నంబరు వచ్చాకే రమ్మని చెప్పండి. వచ్చిన నంబరును మీరే ఆంధ్రప్రదేశ్ రెరా వెబ్‌సైటులో సరిచూసుకోవాలి. ఐదు నిమిషాల పని అది. ఒక కుటుంబం ఇరవై ఏళ్ల పొదుపు దాని మీద ఆధారపడి ఉండవచ్చు.

గుంటూరు వైపు రైతుల గ్రూపులు నడిపేవారు పురుగుమందుల విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. 2021–22 పంట కాలంలో నల్ల తామర పురుగు మిరప పూతను పీల్చి తోటలను దెబ్బతీసింది. తెలిసిన మందులకు అది లొంగక రైతులు దిక్కుతోచక ఉన్నారు. అటువంటి సమయంలో "నేను కొట్టాను, మూడు రోజుల్లో తగ్గింది" అన్న ఒక్క వాయిస్ సందేశానికి ఉన్న బలం ఏ పోస్టరుకూ ఉండదు. పురుగుమందుల చట్టం, 1968 ప్రకారం పురుగును చంపుతుందని అమ్మే మందుకు కేంద్ర రిజిస్ట్రేషన్ ఉండాలి. సీసా లేబులు ఫొటో, రిజిస్ట్రేషన్ నంబరు, అమ్మేవారి లైసెన్సు చూడకుండా ఏ "బయో" మందు ప్రకటననూ తీసుకోకూడదు. రైతు అనుభవం రూపంలో వచ్చే ప్రకటనను ఎంత డబ్బు ఇచ్చినా ఒప్పుకోకూడదు. అప్పు తెచ్చి సాగు చేసేవారు చదివే గ్రూపు అది.

కోచింగ్ సెంటర్ల విషయంలో 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన మార్గదర్శకాలు అడ్మిన్లకు మంచి ఆసరా. ర్యాంకు సాధించిన విద్యార్థి పేరు, ఫొటో వాడాలంటే ఫలితం వచ్చిన తరువాత ఆ విద్యార్థి లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. అతను చదివిన కోర్సు ఏమిటి, ఎంత కాలం, డబ్బు చెల్లించి చేరాడా అన్నవి కూడా చెప్పాలి. ఒకే విద్యార్థి ఫొటో మూడు సంస్థల ఫ్లెక్సీల మీద చూసిన ఊళ్లు మనవి. "ఈ వివరాలు కలిపి పంపండి" అని మర్యాదగా అడిగితే, సగం ప్రకటనలు తమంతట తామే ఆగిపోతాయి.

మిగతావి త్వరగా చెబుతాను. మధుమేహం వంటి జబ్బులను నయం చేస్తామనే మందుల ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. "షుగర్‌కు శాశ్వత పరిష్కారం" అన్న పొడి పొట్లాలన్నీ దీని కిందికి వస్తాయి. తల్లుల గ్రూపులు నడిపేవారు డబ్బా పాలు, పాల సీసాల ప్రకటనలు తీసుకోకూడదు. 1992 నాటి చట్టం వాటిని అనుమతించదు. స్టాక్ టిప్స్ ఇచ్చేవారికి సెబీ రిజిస్ట్రేషన్, చీటీలకు 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ అడగాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రకటనలను 2025 నాటి చట్టం నిషేధించింది.

రాజకీయ ప్రకటనలు వద్దన్నది నా గట్టి అభిప్రాయం. 2009 ఎన్నికల్లో వార్త రూపంలో అచ్చయిన ప్రకటనల మీద మన రాష్ట్రంలో పెద్ద చర్చ జరిగింది. ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘం 2010లో నివేదిక ఇచ్చింది, దాని ఇద్దరు సభ్యులలో తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాసరెడ్డి ఒకరు. ముద్ర లేని ప్రకటన పాఠకుడి నమ్మకాన్ని ఎంతగా దెబ్బతీస్తుందో తెలుగువారికి ఆనాడే అనుభవంలోకి వచ్చింది.

ఆరవ అడుగు: ఒప్పందం రాసుకోవడం

ఒక పేజీ చాలు. ఎన్ని రోజులు, ఎన్నిసార్లు, ఎంత మొత్తం, ముద్ర వాక్యం ఏమిటి, ప్రకటనలోని మాటలకు బాధ్యత ఎవరిది అన్నవి ఉండాలి. ప్రతి ప్రకటనదారూ ఒక ప్రశ్న అడుగుతారు: "నెగెటివ్ కామెంట్లు తీసేస్తారు కదా?" తీయము అని ఒప్పందంలోనే రాయాలి. బూతులు, వ్యక్తిగత దూషణలు ఎవరివైనా తీస్తామని, అనుభవం చెప్పిన కామెంటుకు దుకాణంవారు అక్కడే జవాబు చెప్పుకోవచ్చని వివరించాలి. ఈ షరతు విని వెనక్కి వెళ్లినవారు పోతే పోనివ్వండి.

అమ్మకం మీద కమీషన్ తీసుకోవద్దని నా సలహా. పోస్టుకు ఇంత అని నిర్ణీత రుసుము తీసుకున్న అడ్మిన్, ఫిర్యాదు వచ్చినప్పుడు మధ్యవర్తిగా నిలబడగలరు. ప్రతి అమ్మకంలోనూ వాటా ఉన్నవారు నిలబడలేరు. వచ్చిన డబ్బును ఆదాయంగా చూపాలి. వస్తు రూపంలో వచ్చేవి కూడా పన్ను దృష్టిలో ప్రతిఫలమే: ఒకే సంస్థ నుంచి ఏడాదిలో 20,000 రూపాయలకు మించి అందితే 10 శాతం టీడీఎస్ (ఇచ్చేవారే ముందుగా మినహాయించి కట్టే పన్ను) కోత పడే నిబంధన 2022 జూలై నుంచి ఉంది.

సభ్యుల ఫోన్ నంబర్ల జాబితాను మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి గురించే మాట్లాడుతుంది. చట్టం లేకపోయినా, మన మీద నమ్మకంతో గ్రూపులో చేరిన ఆడపిల్లల నంబర్లు అవి.

ఏడవ అడుగు: దొంగచాటు ప్రకటనలను పట్టుకోవడం

డబ్బు చెల్లించే ప్రకటనకు నియమాలు పెట్టగానే, చెల్లించకుండా దూరే ప్రకటనలు పెరుగుతాయి. మామూలుగా ఇలా జరుగుతుంది: కొత్తగా చేరిన ఒకరు "గుంటూరులో మంచి ఇంటీరియర్ వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి" అని అడుగుతారు, పది నిమిషాలలో మరో కొత్త సభ్యుడు పేరు, ఫోన్ నంబరు, ఫొటోలతో జవాబిస్తాడు, మూడో వ్యక్తి "మాకూ వాళ్లే చేశారు" అంటాడు. అదే ఫొటో పక్క గ్రూపులోనూ అదే రోజు కనిపిస్తుంది. ప్రకటనను మామూలు మాటలా వేషం మార్చి చూపించడాన్ని 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు 13 మోసపు పద్ధతులలో ఒకటిగా చేర్చాయి.

అనుమానం రాగానే అందరి ముందూ నిలదీయకండి. నిజంగా సంతోషించిన వినియోగదారు కూడా అలాగే రాస్తాడు, నిందపడితే మళ్లీ నోరు విప్పడు. విడిగా, "అండీ, ఆ సంస్థతో మీకు ఏమైనా సంబంధం ఉందా? ఉంటే పోస్టులో ఒక్క మాట చేర్చండి" అని అడగండి. ఉందన్నవారి పోస్టును సవరించి ఉంచవచ్చు. దాచి దొరికినవారికి ఒకసారి హెచ్చరిక, రెండవసారి తొలగింపు.

ఈ కఠినత్వం చిన్నవారి మీద పడకూడదు. ఇంట్లో ఆవకాయ పెట్టి అమ్ముకునే ఆవిడ, మంగళగిరి చీరలు నేసే కుటుంబం, ఇంటి దగ్గర ట్యూషన్ చెప్పే అమ్మాయి రుసుము కట్టలేరు. వారికోసం వారంలో ఒక రోజును ఉచితంగా కేటాయించండి. మా గ్రూపులో అది శనివారం. ఆ రోజు ఎవరైనా తమ సరుకు గురించి "ఇది నాదే" అని చెప్పి పెట్టవచ్చు. ఆ రోజు కోసం ఎదురుచూసేవారు చాలామంది ఉన్నారు, దొంగచాటు పోస్టులు కూడా దానివల్లే బాగా తగ్గాయి.

ఎనిమిదవ అడుగు: ఫిర్యాదు, లెక్క

ప్రకటన చూసి మోసపోయామని సభ్యులు చెబితే, భయపడి పోస్టును తొలగించకండి. అది వారి దగ్గర ఉన్న సాక్ష్యం. స్క్రీన్‌షాట్ తీసి, ఆ పోస్టు పైన "దీనిపై ఫిర్యాదు వచ్చింది, విచారిస్తున్నాం" అని రాసి, ప్రకటనదారుకు రెండు రోజుల గడువు ఇవ్వండి. వారి జవాబును, జవాబు రాకపోతే ఆ సంగతిని, అదే పోస్టు కింద పెట్టండి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోన్ చేయడంలో పెద్దవారికి సాయపడండి. తప్పు రుజువైతే ఆ సంస్థ నుంచి మళ్లీ ప్రకటన తీసుకోకండి.

ప్రతి నెలా 5వ తేదీ లోపు లెక్కను గ్రూపులో పెట్టాలి. ఎవరి దగ్గర ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది, ఎంత మిగిలింది అన్నవి నాలుగు వరుసల్లో సరిపోతాయి. మేము దాని కింద మరో వరుస చేరుస్తున్నాం: ఆ నెల తిరస్కరించిన ప్రకటనలు ఎన్ని, ఏ కారణంతో. సంస్థల పేర్లు రాయము. "రెరా నంబరు చూపలేదు: 3, ముద్రకు ఒప్పుకోలేదు: 2, కామెంట్లు ఆపమన్నారు: 1" అని మాత్రమే ఉంటుంది. మొదట్లో చెప్పిన ఆ పెద్దాయన మొన్నటి లెక్క కింద, తమ వీధిలో ఇల్లు రిపేరుకు మేస్త్రీ కావాలని నన్నే అడిగారు.